మా ఐదుగురిలో ముగ్గురికి షుగర్. పరిశోధనకి తోబుట్టువులందరి రక్తం అడుగుతున్నారు, ఇవ్వాలా?

నడిపిబిడ్డ | మార్చి 2

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మేం ఐదుగురు తోబుట్టువులం. అమ్మకి షుగర్ ఉండేది, నాన్నకి చివరిదాకా లేదు. ఇద్దరూ ఇప్పుడు లేరు. పెద్దన్నయ్యకి 63 ఏళ్ళు, ఏమీ లేదు. అక్కకి 44వ ఏట బయటపడింది, చిన్నన్నయ్యకి 47లో, నాకు 41లోనే. చెల్లికి ఇప్పుడు 46 ఏళ్ళు. ఇంతవరకూ పరీక్ష చేయించుకోలేదు, అడిగితే మాట మార్చేస్తుంది.

పోయిన నెల చెకప్‌కి వెళ్ళినప్పుడు, టైప్ 2 డయాబెటిస్ మీద కుటుంబాల్లో జన్యు పరిశోధన చేస్తున్న ఒక బృందం వాళ్ళు నాతో మాట్లాడారు. మీ తోబుట్టువులందరూ రాగలరా అని అడిగారు. అందరి రక్తం తీసుకుంటారట. షుగర్ లేదనుకుంటున్నవాళ్ళకి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత మళ్ళీ చూస్తారట. నడుము కొలుస్తారు, మూడు తరాల వంశవృక్షం రాసుకుంటారు.

ఇంట్లో చెబితే పెద్దన్నయ్య "జబ్బున్నవాళ్ళు మీరు, మీరెళ్ళండి. లేనివాడి రక్తంతో వాళ్ళకేం పని?" అన్నాడు. చెల్లేమో "నాకు వస్తుందని ఇంకొకరి నోట వినడం ఇష్టం లేదు" అంది. నాకు మాత్రం వెళ్ళాలనే ఉంది. ఇద్దరు పిల్లలున్నారు, రాత్రిళ్ళు వాళ్ళ గురించే టెన్షన్. అసలు వీళ్ళు వెతికేది దేన్ని? ఇన్నేళ్ళలో ఏమైనా దొరికిందా?

ల్యాబ్‌పిట్ట | మార్చి 2

నడిపిబిడ్డ గారూ, నేను చేసే ఉద్యోగమే ఇది. ఇలాంటి కుటుంబాల రక్తం నుంచి డీఎన్ఏ తీసే ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా ఉన్నాను. ముందు మీ పెద్దన్నయ్య గారి సంగతే చెబుతాను. మీ ఐదుగురిలో నేను ఎక్కువ ఆశతో ఎదురుచూసేది ఆయన ట్యూబు కోసమే.

దాదాపు ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. క్రోమోజోము మీద ఏదైనా ఒక చోటు తీసుకోండి. ఇద్దరు తోబుట్టువులకి అక్కడ రెండు ప్రతులూ కలవడానికి 25 శాతం అవకాశం, ఒకటే కలవడానికి 50, ఏదీ కలవకపోవడానికి 25. ఇప్పుడు ఇద్దరికీ షుగర్ ఉన్న తోబుట్టువుల జంటల్ని వందల ఇళ్ళ నుంచి తెచ్చి, క్రోమోజోముల పొడవునా ఇలా చూసుకుంటూ పోతాం. ఏదో ఒక చోట వాళ్ళు ఈ లెక్కకి మించి కలుస్తుంటే, జబ్బుకి సంబంధించినది అక్కడెక్కడో ఉందన్నమాట. దీన్ని లింకేజీ అంటాం. షుగర్ సాధారణంగా నడివయసులో బయటపడుతుంది, అప్పటికి చాలామందికి తల్లిదండ్రులు ఉండరు. అందుకే తోబుట్టువుల వెంట పడతాం.

అమ్మానాన్నల రక్తం లేనప్పుడు వాళ్ళ ప్రతులేమిటో పిల్లల్ని బట్టి ఊహించుకోవాలి. ఎంతమంది పిల్లలు దొరికితే ఆ చిత్రం అంత నిండుగా వస్తుంది. పెద్దన్నయ్య గారు మొదట పనికొచ్చేది అక్కడే. రెండోది ఇంకా ముఖ్యం. అదే అమ్మానాన్నల బిడ్డ, అదే ఇంట్లో పెరిగారు, 63 ఏళ్ళొచ్చినా జబ్బు రాలేదు. ఆయన దగ్గర ఏముందో, ఏం లేదో తెలియాలి కదా. 2014లో ఎస్ఎల్‌సీ30ఏ8 అనే జన్యువు గురించి తెలిసింది అలాగే. ఫిన్లాండ్, స్వీడన్ దేశాల్లో చిన్న వయసులో, సన్నగా ఉండి కూడా జబ్బు తెచ్చుకున్నవాళ్ళని ఒకవైపు, వయసు మళ్ళినా, బరువున్నా జబ్బు రానివాళ్ళని ఇంకోవైపు పెట్టి చూశారు. ఆ దారి పట్టుకుని దాదాపు లక్షా యాభై వేల మందిని పరిశీలిస్తే, ఆ జన్యువు ఒక ప్రతి పాడైపోయినవాళ్ళకి షుగర్ వచ్చే అవకాశం 65 శాతం తక్కువని తేలింది. జన్యువు చెడితే మేలు జరగడం! జబ్బున్నవాళ్ళ రక్తం ఒక్కటే చూస్తూ కూర్చుంటే అది కనబడేది కాదు.

నడిపిబిడ్డ | మార్చి 3

ఈ పోస్టు పొద్దున్నే అన్నయ్యకి ఫోన్‌లో చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు. మరి లింకేజీతో షుగర్ జన్యువు దొరికిందా?

ల్యాబ్‌పిట్ట | మార్చి 3

అదో పెద్ద కథ. జేమ్స్ నీల్ అనే జన్యుశాస్త్రవేత్త డయాబెటిస్‌ని జన్యుశాస్త్రవేత్తల పీడకల అన్నారు. 1962లో ఆయనే ఒక ఊహ కూడా చేశారు: కరువు కాలంలో మనిషిని బతికించిన పొదుపు జన్యువులే తిండి దండిగా దొరికే కాలంలో జబ్బు తెస్తున్నాయేమోనని. దాని మీద వాదన ఇంకా తెగలేదు.

1996లో అమెరికా టెక్సస్ రాష్ట్రంలోని స్టార్ కౌంటీలో, మెక్సికన్ మూలాలున్న కుటుంబాల్లో, 2వ క్రోమోజోము చివరలో గట్టి సంకేతం దొరికింది. 2000లో అక్కడి జన్యువు కాల్పెయిన్ 10 అన్నారు. ఆ రోజుల్లో మా రంగంలో ఎంత సంబరమో! తర్వాత వేరే జనాభాల్లో చూస్తే కొన్నిచోట్ల కనబడింది, చాలాచోట్ల కనబడలేదు.

గట్టిగా నిలబడింది 2006లో ఐస్‌లాండ్ వాళ్ళు పట్టుకున్న టీసీఎఫ్7ఎల్2. 10వ క్రోమోజోము మీద ఉంటుంది. ఆ జన్యువుకి జబ్బు అవకాశం పెంచే రూపం ఒకటుంది, దాన్ని ముప్పు రూపం అంటాం. అది ఒక ప్రతి ఉంటే అవకాశం దాదాపు 1.4 రెట్లు, రెండు ప్రతులూ ఉంటే రెండు రెట్లు పైన. వేరే దేశాల్లోనూ మళ్ళీ మళ్ళీ అదే తేలింది. విచిత్రమేమిటంటే, వాళ్ళు ఆ ప్రాంతానికి వెళ్ళింది కుటుంబాల్లో కనబడిన లింకేజీ పట్టుకునే, కానీ దొరికిన ఈ మార్పు ఆ లింకేజీని వివరించలేకపోయింది. తప్పు దారిలో వెళ్ళి సరైన ఇంటి తలుపు తట్టినట్టు.

గణాంకం | మార్చి 3

తలుపు ఎందుకు అలా దొరికిందో నేను చెబుతాను. లింకేజీ పద్ధతి ఒకే జన్యువు పెద్ద దెబ్బ కొట్టే జబ్బులకి సరిపోతుంది. 1.4 రెట్ల ముప్పు అంటే, జబ్బున్న తోబుట్టువులకి ఆ చోట సగటున కలిసే ప్రతుల వాటా మామూలు 50 శాతం కంటే వెంట్రుకవాసి ఎక్కువ. అది పట్టాలంటే వేల వేల జంటలు కావాలి. పైగా ఇంత సాధారణమైన రూపం అమ్మ నుంచీ రావచ్చు, నాన్న నుంచీ రావచ్చు, ఒకే ఇంట్లో రెండు వైపుల నుంచీ దిగి లెక్కని కలగాపులగం చేస్తుంది.

అందుకే 2007 నుంచి దారి మారింది. బంధుత్వం లేని వేలమంది రోగుల్నీ, రోగులు కానివాళ్ళనీ పక్కపక్కన పెట్టి, లక్షల చోట్ల ఒకేసారి పోల్చడం మొదలుపెట్టారు. 2024లో అచ్చయిన పెద్ద విశ్లేషణలో 25 లక్షల పైచిలుకు మంది ఉన్నారు, వాళ్ళలో 4,28,452 మందికి టైప్ 2. మొత్తం 611 ప్రాంతాల్లో 1,289 వేర్వేరు సంకేతాలు తేలాయి.

నడిపిబిడ్డ గారూ, ఈ అంకె మీ చెల్లెలి గారికి చెప్పండి. ఇన్ని చోట్ల ఒక్కొక్కటి చిటికెడు బరువు వేసే జబ్బులో "నీకు వస్తుంది" అని జన్యువు చూసి తేల్చి చెప్పే మనిషి ఉండడు.

పాతఫైలు | మార్చి 4

నేను కొంచెం చేదు చెప్పాలి. పన్నెండేళ్ళ కింద మా ఇంట్లో ఏడుగురం ఇలాంటి పరిశోధనకే రక్తం ఇచ్చాం. మా అత్తగారిని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాం. ఫలితాలు పంపిస్తామన్నారు. ఒక్క ఉత్తరం ముక్క రాలేదు. ఫోన్ చేస్తే ఆ ప్రాజెక్టు అయిపోయిందన్నారు. ఆ రోజు మా మరిదికి తీసిన షుగర్ రీడింగ్ ఎక్కువే ఉందట. మాకు తెలిసింది రెండేళ్ళ తర్వాత, కాలి పుండు మానక వేరే చోట చూపించుకున్నప్పుడు. ఆ కాగితం వాళ్ళ ఫైల్లోనే ఉండిపోయింది.

వెళ్ళొద్దని చెప్పను. ఊరికే సంతకం పెట్టి మాత్రం రావొద్దు.

ల్యాబ్‌పిట్ట | మార్చి 4

పాతఫైలు గారూ, చదివి మనసు చాలా బాధపడింది. అలా జరగకూడదు. జన్యు ఫలితం వేరు, ఆ రోజు తీసిన షుగర్ రీడింగ్ వేరు. జన్యు సమాచారం మనిషి మనిషికీ విడిగా ఇవ్వకపోవడం చాలా చోట్ల మామూలే, పరిశోధన దశలో దానితో వైద్యం చేయలేం కాబట్టి. షుగర్ రీడింగ్ అలా కాదు, అది ఆ మనిషి సొత్తు. చేతికి రావాలి.

నడిపిబిడ్డ గారూ, సమ్మతి పత్రం ఇంటికి తెచ్చుకుని చదవండి. షుగర్ రీడింగులు ఎన్ని రోజుల్లో ఎవరు ఇస్తారో రాతలో ఉండాలి. మిగిలిన డీఎన్ఏని తర్వాత వేరే జబ్బుల పరిశోధనకి వాడతారా, వేరే దేశం పంపుతారా, మధ్యలో మనసు మారితే తీసేస్తారా అని అడగండి. ఇంకొకటి, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. కుటుంబమంతటి డీఎన్ఏ ఒకచోట చేరితే రక్తసంబంధం లెక్కలు కూడా బయటపడతాయి. ఎక్కడైనా పొసగకపోతే మేం ఎవరికీ చెప్పం, ఆ నమూనాని లెక్కలోంచి తీసేస్తాం, అంతే. ఆ సంగతి మీ పత్రంలో ఏమని రాశారో చూడండి.

మూడోతరం | మార్చి 4

ఒక్క జన్యువుతో వచ్చే షుగర్ కూడా ఉందండీ, మా ఇంట్లో ఉన్నది అదే. మా తాతయ్యకి 24కి వచ్చింది, నాన్నకి 22కి, నాకు 19కి. అందరం సన్నగానే ఉంటాం. నాకు టైప్ 1 అనుకుని ఆరేళ్ళు ఇన్సులిన్ ఇచ్చారు. తర్వాత ఒక డాక్టరు గారు వంశవృక్షం గీసి, ప్రతి తరంలోనూ ఉందే అని అనుమానపడి జన్యు పరీక్ష చేయించారు. హెచ్ఎన్ఎఫ్1ఏ జన్యువులో మ్యుటేషన్. ఇలా ఒకే జన్యువు వల్ల చిన్న వయసులో వచ్చే షుగర్‌ని మోడీ (MODY) అంటారు. ఇప్పుడు ఇన్సులిన్ లేదు, రోజూ చిన్న సల్ఫనైల్‌యూరియా మాత్ర, కంట్రోల్‌లో ఉంది.

కుటుంబాల్లో వెతకడం దండగ అని ఎవరైనా అంటే నాకు బాధగా ఉంటుంది. 1996లో ఈ జన్యువుని పట్టుకున్నది మాలాంటి కుటుంబాల్లోనే. ఆ కుటుంబాలు చేతులు చాపి రక్తం ఇవ్వబట్టే నేను ఇవాళ సూది లేకుండా ఉన్నాను.

నడిపిబిడ్డ | మార్చి 4

మూడోతరం గారూ, మరి మాది కూడా అదే కావచ్చా? మాకూ ముగ్గురికి వచ్చింది కదా.

సాయంత్రం_ఓపీ | మార్చి 5

నేను డాక్టర్ని, రోజూ షుగర్ రోగుల్నే చూస్తాను. మీ ఇంటిది మోడీ అనిపించడం లేదు. మోడీ ఎక్కువగా పాతికేళ్ళ లోపు బయటపడుతుంది, పిల్లల్లో సగం సగం అవకాశంతో తరం తప్పకుండా దిగుతుంది. మీ ముగ్గురికీ నలభై దాటాక వచ్చింది. కానీ ఊహించుకోవడం కంటే మీ డాక్టరుతో మీ కుటుంబ చరిత్ర పూర్తిగా చెప్పడం మేలు.

మీ పోస్టులో నా కళ్ళు ఆగింది ఇంకో చోట. అమ్మగారికి షుగర్ ఎప్పుడు బయటపడింది?

నడిపిబిడ్డ | మార్చి 5

చెల్లి కడుపులో ఉన్నప్పుడని అక్క చెబుతోంది. అప్పటికి అమ్మకి 37.

సాయంత్రం_ఓపీ | మార్చి 5

అందుకే అడిగాను. అమెరికాలోని అరిజోనాలో పీమా తెగ వాళ్ళ మీద 1965 నుంచి పరిశోధన నడిచింది. అక్కడ ఒకే తల్లి బిడ్డల్ని పోల్చి చూశారు: తల్లికి షుగర్ రాకముందు పుట్టినవాళ్ళు, వచ్చాక పుట్టినవాళ్ళు. వచ్చాక పుట్టినవాళ్ళకి జబ్బు ముప్పు దాదాపు 3.7 రెట్లుగా తేలింది. తండ్రికి షుగర్ వచ్చిన ఇళ్ళలో బిడ్డల మధ్య ఆ తేడా కనబడలేదు. అమ్మానాన్నలు వాళ్ళే, జన్యువుల పంపకం అదే పద్ధతి, మారినది బిడ్డ పెరిగిన గర్భం. అందువల్ల అమ్మ నుంచి వచ్చిందంటే అంతా జన్యువుల వల్లే అని కాదు.

మీ చెల్లెలి గారిని భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ ఐదుగురిలో ఇప్పుడు పరీక్ష అందరికంటే అవసరమైనది ఆమెకే. పరగడుపున రక్తం ఒకసారి, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒకసారి. దీనికి జన్యు ఫలితం అక్కర్లేదు.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకి జీవితకాలంలో వచ్చే అవకాశం సుమారు 40 శాతమని, ఇద్దరికీ ఉంటే 70 దాకా అని సాధారణంగా చెబుతారు. మీ పిల్లల సంగతికి ఈ అంకె గుర్తుంచుకోండి, దానిలో 60 శాతం వైపు కూడా ఉందని గుర్తుంచుకోండి.

కవలల్లో_చిన్న | మార్చి 6

మేం ఒకే పోలిక కవలలం. జన్యువులు అక్షరం అక్షరం ఒకటే. అన్నకి 49లో వచ్చింది, నాకు ఇప్పుడు 57, ఇంకా రాలేదు. అలాంటి కవలల్లో ఒకరికి వస్తే రెండోవాళ్ళకి వచ్చే అవకాశం దాదాపు 70 శాతమని నాతో చెప్పినప్పుడు వారం రోజులు నిద్ర లేదు. తర్వాత ఏడాదికోసారి చూపించుకోవడం అలవాటైంది. అన్న లారీ నడిపేవాడు, రాత్రి డ్యూటీలు, కూర్చున్న చోటే. నేను పోస్టుమ్యాన్‌గా చేశాను. ఇంతకంటే నా దగ్గర వివరణ లేదు.

నడకబాట | మార్చి 6

పై ఆయన మాటలోనే ఉంది జవాబు. ఆ పీమా వాళ్ళలో మెక్సికో కొండల్లో ఉండిపోయినవాళ్ళని, అరిజోనా వాళ్ళతో పోల్చారు కదా, 2006లో. రక్తం ఒకటే, కొండల్లో దాదాపు 7 శాతం మందికి షుగర్, అరిజోనాలో 38 శాతం. కొండల్లో వాళ్ళు ఒళ్ళు వంచి పనిచేస్తారు. మరి అన్ని వేల ట్యూబుల రక్తం, అంత డబ్బు, ఆ 611 చోట్ల కోసమా? ఆ శ్రమ మనుషుల్ని నడిపించడానికి పెడితే ఎంతమంది బాగుపడేవారు! నా భర్త 52 ఏళ్ళకే కళ్ళు పోగొట్టుకున్నారు. నాకు ఈ ప్రశ్న వేసే హక్కు ఉందనుకుంటున్నాను.

గణాంకం | మార్చి 6

తప్పకుండా ఉందండీ.

సాయంత్రం_ఓపీ | మార్చి 7

నడకబాట గారూ, మీ ప్రశ్న పక్కన పెట్టేది కాదు. నడక గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. అమెరికాలో 3,234 మంది మీద చేసిన డయాబెటిస్ నివారణ అధ్యయనం 2002లో వచ్చింది. బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు ఒళ్ళు కదిలించినవాళ్ళలో జబ్బు రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే.

దాని తర్వాత జరిగింది కూడా వినండి. అదే అధ్యయనంలోని వాళ్ళకి టీసీఎఫ్7ఎల్2 చూశారు. ముప్పు రూపం రెండు ప్రతులూ ఉన్నవాళ్ళు ఏ చికిత్సా లేని గుంపులో వేగంగా జబ్బులోకి జారారు, ముప్పు 1.8 రెట్లు. జీవనశైలి మార్చుకున్న గుంపులో ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. "మా వంశంలోనే ఉంది, ఎంత నడిచినా అంతే" అని కూర్చునే రోగికి నేను చెప్పే మాట ఇదే. జన్యువుని వెతకబట్టే ఆ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

ఇంకో సంగతి. కేసీఎన్‌జే11 అనే జన్యువులో మార్పుతో కొందరు పసికందులకి పుట్టిన కొన్ని నెలల్లోనే షుగర్ వస్తుందని 2004లో తెలిసింది. అప్పటిదాకా జీవితాంతం ఇన్సులిన్ అనుకున్న పిల్లల్లో చాలామందికి ఇప్పుడు మాత్రలు సరిపోతున్నాయి. అంత చిన్న చేతులకి సూది తప్పడం ఎంత పెద్ద విషయమో ఆ తల్లులకి తెలుసు.

నడకబాట | మార్చి 7

పసిపిల్లల సంగతి నాకు తెలియదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ రక్తం ఇచ్చిన ప్రతి ఇంటికీ నడక గురించి, కళ్ళ పరీక్ష గురించి కూర్చోబెట్టి చెప్పి పంపాలి. అది కూడా ఆ పత్రంలో రాయించండి.

ల్యాబ్‌పిట్ట | మార్చి 7

రేపు మా ల్యాబ్ మీటింగ్‌లో ఈ మాట పెడతాను.

నడిపిబిడ్డ | మార్చి 19

ఆలస్యంగా వచ్చినందుకు క్షమించండి. మొన్న వెళ్ళొచ్చాం, ఐదుగురమూ.

పత్రం ముందే తెచ్చుకుని అందరం కూర్చుని చదివాం. షుగర్ రీడింగులు వారంలో ఇస్తామని చేత్తో రాసి సంతకం పెట్టించుకున్నాను, పాతఫైలు గారి దయ. కళ్ళ పరీక్షకి అక్కడే తేదీ అడిగి తీసుకున్నాను. చెల్లి ఒక షరతు మీద వచ్చింది: జన్యు సంగతులు ఎప్పుడు తెలిసినా తనకి చెప్పకూడదు. దానికి పత్రంలో ఒక గడి ఉంది, టిక్ పెట్టింది. గ్లూకోజ్ తాగి రెండు గంటలు నా చెయ్యి వదల్లేదు. తనది పరగడుపున 108, రెండు గంటలకి 151. ఇంకా షుగర్ కాదు, అంచున ఉందన్నారు. ఏడ్చి, తర్వాత తనే డైటీషియన్ అపాయింట్‌మెంట్ తీసుకుంది.

మేం ఊహించనిది పెద్దన్నయ్యది. పరగడుపున 96. ప్రతి ఏడూ చేయించుకునే పరీక్షలో వచ్చే అంకె అదే, ఇంట్లో అందరికీ గర్వంగా చూపించేవాడు. రెండు గంటల తర్వాత 168. 140 దాటితే మామూలు కాదట. "లేనివాడి రక్తం" అన్నవాడు కాగితం పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. ల్యాబ్‌పిట్ట గారూ, ఇక అన్నయ్య మీకు పనికిరాడా? ఆయన అడగమన్నాడు.

ల్యాబ్‌పిట్ట | మార్చి 19

పనికిరాకపోవడమా! ఇంకా ఎక్కువ పనికొస్తారని చెప్పండి. ఈ వెతుకులాటలో మమ్మల్ని ఎప్పుడూ తికమక పెట్టేది అదే. ఇవాళ లేదని రాసుకున్న మనిషికి ఐదేళ్ళకి వస్తుంది, అప్పుడు పాత లెక్క తప్పవుతుంది. గ్లూకోజ్ తాగించి చూసేది అందుకే. మేం ఆయన్ని ఉంది, లేదు అనే రెండు పెట్టెల్లో ఒకదాన్లో పడేయం. 63 ఏళ్ళు, పరగడుపున 96, రెండు గంటలకి 168 అనే రాస్తాం. అక్కకి 44లోనే జబ్బు వచ్చింది, ఆయన్ని మాత్రం 63 దాకా ఈ అంచున ఆపినది ఏదో ఉంది. అదేమిటో తెలుసుకోవాలనే ఆశ అలాగే ఉంది.

మీ బృందం మూడేళ్ళ తర్వాతో ఐదేళ్ళ తర్వాతో మళ్ళీ పిలిస్తే తప్పకుండా రమ్మనండి. ఈలోగా ఆ కాగితం ఆయన డాక్టరుకి చూపించండి.

నడిపిబిడ్డ | మార్చి 20

చెప్పాను. డాక్టరు దగ్గరికి సోమవారం వెళ్తున్నాం, ఆయనా, చెల్లీ, నేనూ. ఇవాళ పొద్దున ఐదున్నరకి ఫోన్ చేశాడు, కవలల్లో_చిన్న గారు రోజుకి ఎంత దూరం నడుస్తారో అడగమని.

కవలల్లో_చిన్న | మార్చి 20

రిటైర్ అయ్యేదాకా ఎనిమిది కిలోమీటర్లు ఉండేదని చెప్పండి. అన్నయ్యగారిని మొదట రెండుతో మొదలుపెట్టమనండి.